గడప చెక్క కమ్మలు

జూన్ 9, సోమవారం

సబ్బు పెట్టి ఎంత రుద్దినా వాసన పోలేదు. ఈ పొద్దు లారీలో వచ్చిన పాత చెక్కల అడుగున ఎలుక చచ్చి ఉండింది. తెలియక చెయ్యి పెట్టినాను. మెత్తగా తగిలింది. మధ్యాన్నం అన్నం కలపలేకపోయినాను.

ఈ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అరవనాడు కదా, చదివేవాళ్ళు ఎవురూ లేరు. నాకు కుప్పంలో అమ్మమ్మ నేర్పించింది. ఇక్కడ ఏం రాసినా పరవాలేదు. రాయకపోతే కక్కుకోవాల.

మా ఆయన ఇండ్లు ఇడగొట్టి తలుపులు, దూలాలు తెచ్చి నల్లంపల్లి రోడ్డు పక్కన అంగట్లో నిలబెడతాడు. ఎవురూ కొననివి నా వంతు. వాటితో నేను కమ్మలు, గాజులు, పూసల దండలు చేస్తాను. అందరూ పారేసిన చెక్కా నా చేతికి, అందరి ఎలుకలూ నా చేతికి.

కానీ ఆ ఎలుక కింద ఒక దారబందం ఉండాది. వేప. గడప మీద పసుపు ఇంకా పోలేదు, కుంకం బొట్లు కూడా. పైచట్టానికి నీలం పెయింటు, దాని మీద తెల్లగా నంబర్లు, అరవంలో రెండక్షరాలు. కొసన రంపం పెట్టి చూస్తే లోపల తేనె రంగు. ఇట్లాంటి వేప చూసి చానా నాళ్ళైంది.

"యాడిదండి ఇది?" అన్నాను.

"చెక్కకి ఊరేంది? నీ పని చూడు" అన్నాడు.

అడిగేది నా పని కాదు. సరే.

జూన్ 11

విజి పొద్దున్నే వచ్చింది. నాతో పని చేసేవాళ్ళలో చెయ్యి అంటే ఆమెదే. ఉప్పుకాయితం పట్టి రుద్దితే చెక్క నున్నగా చర్మం మాదిరి అవుతుంది. పూసలకి బెజ్జం వేస్తే పక్కకి పోదు.

ఈ పొద్దు ఏమీ చేయలేదు. షెడ్డు లోపలికి వచ్చింది, గోడకి ఆనించిన దారబందం చూసింది, నిలబడింది. దగ్గరికి పోయి గడప మీద అరచెయ్యి పెట్టింది. "ఏంది విజీ?" అంటే వినపడలేదు.

"అక్కా, కడుపు నొస్తా ఉంది. పోతాను."

"ఇప్పుడే కదా వచ్చినావు."

పోయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. పెండ్లిండ్ల కాలం, ఆర్డర్లు ఉండాయి, ఈమెకి ఇప్పుడే కడుపు నొప్పి.

జూన్ 13

నేనే కూర్చున్నాను. గడప మీద రంపం పెట్టేదానికి చెయ్యి రాలేదు. కొంచేపటికి వచ్చింది.

బ్లేడుతో పసుపు గీకినాను. ఏండ్ల పసుపు, పొరలు పొరలుగా, చమురు జిడ్డుతో కలిసి పొట్టు మాదిరి లేచింది. గోళ్ళలోకి దూరింది. ఎవురో ప్రతి శుక్రవారం వంగి పూసిన పసుపు నా గోళ్ళలో. రోతగా ఉండింది, పుల్లతో తీసి పారేసినాను.

సగం గీకేటప్పటికి సత్యప్రియ వీడియో కాల్ చేసింది. సత్యప్రియ నా ఆడబిడ్డ, బెంగుళూరులో ఉంటుంది, నా సామాన్లన్నీ ఫోన్లో అమ్మేది ఆమే.

"వదినా, గీకొద్దు! ఆ పసుపు ఉంటేనే అందం. దీనికి కథ ఏంటి?"

"కథేంది, చెక్క."

"కథ లేకపోతే ఎవరు కొంటారు వదినా? నూరేళ్ళ ఇల్లు, ఒక అవ్వ సంతోషంగా తన గడప మనకిచ్చింది అని పెడతా."

"ఏ అవ్వ?"

"ఎవరో ఒక అవ్వ ఉంటుంది కదా!"

నవ్వింది. నేను కూడా నవ్వినాను. రాస్తా ఉంటే నోట్లో చేదుగా ఉండాది.

జూన్ 17

గడప కమ్మలైపోయింది. ఈ పొద్దు నీలం చట్టాన్ని పతకాలుగా కోసినాను. ఒక్కోదాంట్లో సగం అంకె, పావు అక్షరం. అంచులు ఆకురాయితో గుండ్రంగా చేసి, అవిసెనూనె పట్టించి, నల్ల దారం కట్టినాను. కోసేముందు సత్యప్రియ అడిగిందని పూర్తి చట్టాన్ని వీడియో తీసి పంపించినాను. పెట్టిన పొద్దే అంతా అడుగుతా ఉండారంట.

నిజంగా బాగుండాయి. ఒకటి నా మెడలో వేసుకున్నాను. నాలుగో, తొమ్మిదో తెలీని అంకె.

జూన్ 20

విజి రాలేదు. ఫోన్ ఎత్తదు. పని పోతే పోనీ అనుకున్నట్ల ఉండాది.

జూన్ 24

రాయాల. అంతా రాయాల.

పొద్దున గేటు దగ్గర విజి నిలబడింది. పక్కన ఆమె అమ్మ కుప్పాయి. ఆమెని ముందు ఒకసారి చూసినాను, విజి పెండ్లిలో. బక్కగా, మోకాళ్ళ దాకా దుమ్ము. టమాట మండీ వాసన.

"లోపలికి రాండి" అన్నాను. ఇద్దరూ రాలేదు. కుప్పాయి గేటు పక్కనే రాయి మీద కూర్చుంది.

"నా వాకిలి చూసేదానికి వచ్చినానమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. విజి చెప్పింది. నెమ్మదిగానే చెప్పింది, దానికే నాకు భయమేసింది.

"అక్కా, ఆ దారబందం మా అమ్మ ఇంటిది. అమ్మ పాలకోడులో టమాట కోసేదానికి పోయి ఆడే ఉండింది. మీ షెడ్డులో గడప చూసి నేను ఊరికి పరిగెత్తినాను. ఇల్లు లేదు. కుండలు, గుడ్డలు చింతచెట్టు కింద కుప్పేసినారు."

ఇల్లు ఉండేది బాలసుందరం మామ నిలం కొసన. మామ అంటే మా అత్త రంగమ్మాళ్ తమ్ముడు. విజి నాయన చిన్నప్పన్ సచ్చేదాకా మామ వాళ్ళ పొలంలోనే చాకిరీ చేసినాడు. ఆ జాగాలో ఇల్లు కట్టుకోమని మామ వాళ్ళ నాయన నోటిమాటగా ఇచ్చినాడంట. ఇప్పుడు హైవే పక్కన నిలానికి రేటు వచ్చింది, మామ ప్లాట్లు వేస్తా ఉండాడు.

మా ఆయన అంగట్లోంచి వచ్చినాడు. "మామ మేకల కొట్టం ఇడగొట్టమన్నాడు, ఇడగొట్టినాను. నాకు ఇంకేం తెలీదు" అన్నాడు. నేల చూస్తా అన్నాడు.

కుప్పాయి తలెత్తి ఆయన్ని చూసింది. "మేకల కొట్టానికి నంబర్ రాస్తారా సామీ? ఇండ్లు లెక్క రాసుకునేదానికి వచ్చిన పిల్ల నా కండ్ల ముందరే రాసింది. పెయింటు డబ్బా నేనే పట్టుకున్నా."

అని నా వైపు తిరిగింది. నా మెడ చూసింది.

"అదేనా?" అంది.

నా చెయ్యి పతకం మీదికి పోయింది. దాచుకునేదానికి. తీసి ఇచ్చేదానికి కాదు, దాచుకునేదానికి.

వాళ్ళు పోయినాక అత్త బకెట్టులో పేడ కలుపుకోని వచ్చి కుప్పాయి కూర్చున్న రాయి మీద పోసింది. కుప్పాయి మాట్లాడేది తెలుగే. మా తెలుగే, అదే యాస. అత్తకి అది కూడా సహించదు. "మా భాష మాట్లాడితే మావాళ్ళైపోతారా?" అంటా పోసింది. "నా తమ్ముడి నిలం, నా తమ్ముడి ఇష్టం." పేడనీళ్ళు గేటు కిందనుంచి రోడ్డు మీదికి పారినాయి.

జూన్ 25

నేను ఇడగొట్టలేదు. నేను కోసినాను, అంతే.

అన్నం ముందునుంచి లేచి వచ్చేసినాను. ఎండ అని చెప్పినాను అత్తకి.

జూన్ 26

నేను ఇడగొట్టలేదు.

విజి ఆ పొద్దే చెప్పి ఉంటే కోసేదాన్ని కాదు. చెప్పాల కదా. కడుపు నొప్పి అంటే నాకేం తెలుస్తుంది? చెప్పి ఉంటే...

చెప్పి ఉంటే ఆయన్ని అడిగేదాన్ని. ఆయన "నీ పని చూడు" అనేవాడు. నేను చూసుకునేదాన్ని.

జూన్ 29, ఆదివారం

సత్యప్రియ బెంగుళూరు నుంచి వచ్చింది. కొత్త కెమెరా తెచ్చింది, ఫోటోలు తీస్తుందంట. నేను షెడ్డులో కూర్చోబెట్టి అంతా చెప్పినాను. ఆ చట్టం వీడియో జాగ్రత్తగా పెట్టు, అది ఇల్లని చెప్పేదానికి ఆ నంబరే ఆధారం అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. చిన్నప్పుడు కోడిపిల్ల సచ్చినా ఏడ్చే పిల్ల.

"వదినా! ఆ అవ్వ నిజంగానే ఉందా?"

కండ్లు మెరుస్తా ఉండినాయి.

"ఎంత బాగుంది చూడు! నేను ఊరికే రాసింది నిజమైపోయింది. ఆ అవ్వకే ఈ కమ్మలు పెట్టి, ఆ పడిపోయిన గోడల దగ్గర నిలబెట్టి ఫోటో తీద్దాం. సహజంగా, పౌడరు కూడా వద్దు. ఆమెకి కూడా ఏమైనా ఇద్దాంలే, పావం."

నా చేతిలో ఆకురాయి ఉండింది. కింద పెట్టినాను.

"ఆమె ఇల్లు పోయింది సత్యా."

"అదే కదా వదినా అంటా ఉండా."

ఇంతకన్నా ఎలుక మేలు. ఎలుక సచ్చి కంపు కొట్టింది. ఈ పిల్ల మల్లెపూల సెంటు పూసుకోని వచ్చింది.

జూన్ 30

వీడియో లేదు. పేజీ అంతా వెదికినాను. ఫోన్ చేస్తే, "అన్న తీసేయమన్నాడు వదినా, వీళ్ళ గొడవలు నాకెందుకు" అంది. నా ఫోన్లో కూడా లేదు. నా ఫోన్ ఎవురు ముట్టుకున్నారో అడగలేదు. ఇంట్లో ఉండేది ముగ్గురమే.

జూలై 4

విజి ఫోన్ చేసింది. కలెక్టరాఫీసులో మనవి ఇచ్చినారంట. తాలూకా ఆఫీసులో సోమవారం విచారణ. అది మేకల కొట్టమే అని మామ రాసిచ్చినాడు. చుట్టుపక్కల వాళ్ళు కూడా అట్లే చెప్తా ఉండారంట, అందరూ మామ నిలంలో పని చేసేవాళ్ళే.

"మీరు చూసినారు కదక్కా నంబరు. మీరు ఒక్క మాట చెప్తే చాలు."

"చూస్తాను విజీ" అన్నాను.

చూస్తాను అంటే చెప్పను అని. విజికి కూడా తెలుసు. "సరేక్కా" అని పెట్టేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు, నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

జూలై 6, ఆదివారం

బాలసుందరం మామ వచ్చినాడు. మామిడిపండ్ల బుట్టతో. మా ఇంట్లో ఎప్పుడూ ఆయనకి ముందు కుర్చీ, ముందు ప్లేటు. అత్త నన్ను పిలిచింది, నేను పండ్లు కోసి తెచ్చినాను.

ముక్కలు వద్దని టెంకె చేతిలోకి తీసుకున్నాడు. చీకుతా మాట్లాడినాడు. రసం మణికట్టు మీదనుంచి మోచెయ్యి దాకా కారింది, ఆడ నాలికతో నాకినాడు. మీసాల్లో పీచు.

"పిల్లా, నీ కమ్మలు రొంబ బాగుండాయంటనే. పెన్నాగరం దోవలో ఇంకో పాత ఇల్లు ఇడగొట్టిస్తా ఉండా. మంచి టేకు. అంతా నీకే."

నేను తొక్కలు ఏరతా ఉండినాను.

"రేపు ఎవురన్నా అడిగితే నువ్వు చూసింది మేకల కొట్టం చెక్క. సరేనా?"

మా ఆయన పక్కనే కూర్చోని టీవీ చూస్తా ఉండాడు. ఆడే ఉండాడు, వినలేదు.

"సరే మామా" అన్నాను.

అన్నాను. చేతులు తుడుచుకునేదానికి తువ్వాలు కూడా ఇచ్చినాను. మామ తుడుచుకోని, ఆ తడి చెయ్యి నా తల మీద పెట్టి, "బంగారు తల్లి" అన్నాడు. జుట్టులో మామిడి జిగురు. నూనె పెట్టి కడిగినాను, షాంపూ పెట్టి కడిగినాను. ఇంకా ఉన్నట్లే ఉండాది.

జూలై 7

పోయినాను.

పోవాలని అనుకోలేదు. పొద్దున ఇడ్లీ పిండి తీసేదానికి చెయ్యి పెడితే అది కూడా జిగురుగా తగిలింది. గిన్నె ఆడే పెట్టేసినాను. చీర మార్చుకున్నాను. మిగిలిన నీలం పతకాలు ఒక గుడ్డలో కట్టుకున్నాను, నా మెడలోది కూడా తీసి వేసినాను. బస్సెక్కి ధర్మపురి పోయినాను.

తాలూకా ఆఫీసు వరండాలో కుప్పాయి, విజి నేల మీద కూర్చోని ఉండారు. మామ, మా ఆయన బెంచీ మీద. నన్ను చూసి ఆయన లేచినాడు. "ఈడికేంటికి వచ్చినావు?" ఆగకుండా లోపలికి పోయినాను.

తాసిల్దారు మధ్యవయసు ఆడమనిషి, కండ్లద్దాలు. అంతా అరవంలోనే జరిగింది.

"మీరెవరమ్మా?"

"గుణశేఖర్ భార్యని. ఇల్లు ఇడగొట్టింది ఆయన. ఆ దారబందం కోసింది నేను."

"అది మేకల కొట్టం అంటున్నారే వీళ్ళు."

"కాదు మేడం. ఇల్లు." గొంతు వేరే ఎవురిదో అనిపించింది. "గడపకి పసుపు ఉండింది. నేనే గీకినాను. గడప మధ్యలో కాళ్ళు పడి పడి గుంట పడింది. చట్టం లోపలి పక్క పొయ్యి మసి. బయటి పక్క నీలం పెయింటు, దాని మీద ఇంటి నంబరు. నేను దాన్ని ముక్కలు చేసి అమ్ముకున్నాను. మిగిలినవి ఇవి."

గుడ్డ విప్పినాను. బల్ల మీద పెట్టినాక అవి ఎంత చిన్నగా ఉండాయో. ఆమె ఒక్కోటి తిప్పి చూసింది, పక్కపక్కన చేర్చింది. ఒక అక్షరం దాదాపు పూర్తిగా వచ్చింది, రెండు అంకెలు సగం సగం. గుమాస్తాని పిలిచి పాత ఇండ్ల లెక్క తీసుకరమ్మంది.

"పిల్లకి ఒంట్లో బాగలేదు మేడం, మతి సరిగ్గా లేదు" అన్నాడు మామ, నవ్వుతా.

"నిన్న మా ఇంటికి వచ్చి మేకల కొట్టం అని చెప్పమన్నారు" అన్నాను. "నేను సరే అన్నాను."

నవ్వు ఆగిపోయింది.

బయటికి వస్తే ఆయన బండి స్టార్ట్ చేసుకోని ఉండాడు. నేను మెట్లు దిగేదాకా చూసినాడు. ఎక్కమంటాడనుకున్నాను. పోయినాడు. బస్టాండు దాకా నడిచినాను. విజి వెనకాలే వచ్చింది, దూరంగా. నేను బస్సెక్కినాక తిరిగి పోయింది.

జూలై 8

అత్త నా ప్లేటు, నా లోటా తీసి వాకిట్లో పెట్టింది.

జూలై 13

షెడ్డుకి తాళం వేసినాడు. లోపల నా ఉలులు, రంపం. అడిగితే తాళంచెవి పోయిందంట.

సత్యప్రియ పేజీలో కమ్మలన్నీ తీసేసింది. ఇప్పుడు సోపులు అమ్ముతా ఉండాది.

జూలై 22

విజి చెప్పింది. పాత లెక్కలో నంబరు దొరికింది. ఆడ ఇల్లు ఉండింది, చిన్నప్పన్ పేరు మీద, అని తాసిల్దారు రాసింది. జాగా పట్టా తేలేదాకా కుప్పాయి ఆడే ఇల్లు వేసుకోవచ్చు, మామ ఆ కొస అమ్మకూడదు. ఇడగొట్టినందుకు మామ మీద, మా ఆయన మీద కేసు. ఆయన పొద్దంతా స్టేషన్లో కూర్చోని వచ్చినాడు.

"తృప్తేనా?" అన్నాడు. చానా నాళ్ళకి మాట్లాడిన మాట.

తృప్తి లేదు. ఆయన మొకం చూస్తే పావం అనిపించింది, రోత కూడా అనిపించింది. రెండూ ఒకేసారి.

"తాళంచెవి ఇవ్వండి" అన్నాను.

జేబులోంచి తీసి బల్ల మీద పెట్టినాడు. పోలేదు అది. జేబులోనే ఉండింది.

జూలై 27, ఆదివారం

కుప్పాయి దగ్గరికి పోయినాను. చేతిలో ఏమీ తీసుకపోలేదు. ఏం తీసుకపోయేది?

పాత జాగాలోనే వెదురు పాతి, టార్పాలిన్ కట్టినారు. వాకిలికి గోనెపట్ట. కుప్పాయి గోడకి రాళ్ళు పేరుస్తా ఉండింది. విజి మట్టి తొక్కుతా ఉండింది. విజి ఇంక నా దగ్గరికి పనికి రాదు. పాలకోడు మండీలో చేరింది. "ఆడ మేలక్కా, టమాటకి కథలుండవు" అంది. నవ్వినాను, తర్వాత నవ్వలేకపోయినాను.

"నేను కోసినాను కుప్పాయక్కా" అన్నాను. ఇంటి నుంచి వేరే మాటలు అనుకోని పోయినాను. ఇదే వచ్చింది.

"తెలుసు" అంది ఆమె. చేతులు చీరకి తుడుచుకుంది. "కూర్చో. కాఫీ పెడతా."

మూడు రాళ్ళ పొయ్యి. కట్టెలు పచ్చివి, పొగ. బెల్లం కాఫీ, పాలు లేవు. సొట్టపోయిన లోటాలో పోసి నా చేతికి ఇచ్చింది. ఆమె వేళ్ళు నా వేళ్ళకి తగిలినాయి.

నోటి దాకా తెచ్చినాను. గొంతు మూసుకుంది.

అంచు మీద ఈగ వాలిందని అనుకున్నాను. నీళ్ళు ఏ బోరువో అని అనుకున్నాను. ఈగ ఎగిరిపోయింది, గొంతు తెరుచుకోలేదు. ఈగ వల్ల కాదు. నాకు తెలుసు. పేడనీళ్ళు పోసిన అత్తని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, ఆ అత్త నా గొంతులో కూర్చోని ఉండాది. ఆఫీసులో అంతమంది ముందు మాట్లాడిన నోరు ఇది. ఒక గుక్క కాఫీకి రాదు. నా మీద నాకు పుట్టినంత రోత ఆ ఎలుక మీద కూడా పుట్టలేదు.

విజి చూసింది. "వద్దులే అక్కా, పెట్టేయండి. ఎండకి కాఫీ ఏంటికి" అంది. ఎంత మర్యాదగా అంది!

కండ్లు మూసుకోని, ఊపిరి పట్టుకోని, మొత్తం ఒకేసారి పోసుకున్నాను. నాలిక కాలింది. కండ్లలో నీళ్ళు వచ్చినాయి. లోటా కింద పెట్టినాను.

కుప్పాయి అంతా చూసింది. ఏమీ తప్పిపోలేదు ఆమెకి. కోపం వస్తుందనుకున్నాను. లేసి పొమ్మంటుందనుకున్నాను. ఆమె పొగాకు గార పట్టిన పండ్లు బయటపెట్టి నవ్వింది.

"మందు తాగినట్ల తాగితివే పాపా!"

లోటా తీసుకోని, మళ్ళీ నింపి, నా ముందర పెట్టింది.

"ఈసారి మెల్లగా తాగు" అంది, పోయి రాళ్ళ దగ్గర కూర్చుంది.

మెల్లగా తాగినాను. బెల్లం కొంచెం ఎక్కువైంది.